జాగ్రత్త: 'మోడర్న్ సీ ప్లస్ ప్లస్' అని అమ్మి టర్బో నేర్పిస్తున్నారు

సీ ప్లస్ ప్లస్ అనే ప్రోగ్రామింగ్ భాష కోసం ఆన్‌లైన్ కోర్సులు వెతుకుతున్న బీటెక్ ఫస్టియర్, డిప్లొమా పిల్లలు, వాళ్లకు ఫీజు కట్టే ఇంట్లోవాళ్లు డబ్బు పంపే ముందు ఇది ఒకసారి చదవండి.

మా తమ్ముడు 6,500 రూపాయలు పెట్టి ఒక రికార్డెడ్ కోర్సు కొన్నాడు. తెలుగులో పాఠాలు, 'మోడర్న్ సీ ప్లస్ ప్లస్, 20 స్టాండర్డ్ దాకా' (అంటే ఈ భాషకు 2020లో వచ్చిన నియమాల దాకా), లైఫ్‌టైమ్ యాక్సెస్, ఏ డౌట్ అడిగినా ఒక్క రోజులో జవాబు. ప్రకటనలో ఉన్నవి ఇవీ. సంస్థ పేరు రాయడం లేదు, ఫిర్యాదు నడుస్తోంది. పైగా ఈ బాపతు కోర్సు అదొక్కటే కాదు. కొనకముందే ఎలా పసిగట్టాలో తెలిస్తే మీకు ఎక్కువ పనికొస్తుంది.

మొదటి వీడియోలోనే డాస్‌బాక్స్ (పాత డాస్ ప్రోగ్రాములు నడిపించే సాఫ్ట్‌వేర్) ఇన్‌స్టాల్ చేయించారు. దాని మీద నీలం తెర టర్బో సీ ప్లస్ ప్లస్. అది 1990ల మొదట్లో బోర్లాండ్ కంపెనీ తెచ్చిన కంపైలర్, అంటే మనం రాసిన కోడ్‌ని కంప్యూటర్ నడపగలిగేలా మార్చే ప్రోగ్రాం. ఈ భాషకు మొదటి ఐఎస్ఓ స్టాండర్డ్ (అంతర్జాతీయంగా ఒప్పుకున్న నియమాలు) వచ్చిందే 1998లో. అంటే స్టాండర్డ్ అనేది పుట్టకముందు కంపైలర్ మీద 2020 స్టాండర్డ్ నేర్పిస్తామని డబ్బు తీసుకున్నారన్నమాట. టర్బోలో వెక్టర్ (కావాల్సినంత పెరిగే జాబితా) లేదు, నేమ్‌స్పేస్ (పేర్లు కలిసిపోకుండా విడదీసేది) లేదు, చివరికి బూల్ (నిజం/అబద్ధం విలువ) కూడా లేదు. ఐఓస్ట్రీమ్ డాట్ హెచ్, వాయిడ్ మెయిన్ అని రాయడం అలవాటైన పిల్లలు ఆ కోడ్‌ని ఇప్పటి జీ ప్లస్ ప్లస్ కంపైలర్‌లో పెడితే మొదటి లైన్లోనే ఎర్రర్. ప్లేస్‌మెంట్ టెస్టుల్లో ఏ కంపైలర్ ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

కొన్ని కాలేజీ ల్యాబుల్లో ఇప్పటికీ టర్బోనే ఉంది, ఒప్పుకుంటాను. ల్యాబ్ ఎగ్జామ్ గట్టెక్కడానికి అని చెప్పి అమ్మితే ఎవరూ ఏమీ అనరు.

అసలు తేడా బయటపడింది డౌట్ల దగ్గర. క్లాసులు (డేటాకి మనం రాసుకునే నమూనాలు), అర్రేల (వరుసగా పెట్టిన విలువల) మీద కొత్తగా నేర్చుకునే ఎవరికైనా వచ్చే ప్రశ్నలే తమ్ముడు అడిగాడు. వచ్చిన జవాబులు చూడండి.

స్టూడెంట్ అని క్లాస్ రాశాడు, లోపల ఐదు మార్కులకు అర్రే. లూప్‌లో (లెక్క సున్నా నుంచి మొదలు) ఐదు కంటే తక్కువ అని రాయాల్సిన చోట 'తక్కువ లేదా సమానం' అని పెట్టాడు. ప్రోగ్రాం ఆగలేదు, ఆరు అంకెలు ప్రింట్ చేసింది. "అక్కా, మార్కులు ఐదే ఇచ్చాను, ఆరోది ఎక్కణ్నుంచి వచ్చింది?" అని నన్నడిగే ముందు వాళ్లనే అడిగాడు. వాళ్ల జవాబు: "అది గార్బేజ్ వాల్యూ బ్రో, రన్ అవుతోంది కదా, వదిలేయ్."

వదిలేయకూడదు. ఈ భాషలో మామూలు అర్రే హద్దు దాటితే ఎవరూ ఆపరు. పక్కన ఉన్న మెమరీని చదివేస్తుంది, రాస్తే దాన్ని చెరిపేస్తుంది. ఈరోజు గార్బేజ్, రేపు క్రాష్, ఎల్లుండి అన్నీ సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తూ తప్పు లెక్క. స్టాండర్డ్ దీన్ని అన్‌డిఫైన్డ్ బిహేవియర్ అంటుంది, అంటే ఫలానాలా జరుగుతుందని ఎవరూ పూచీ ఇవ్వరు. వెక్టర్ వాడి 'ఎట్' ఫంక్షన్‌తో తీసుకుంటే హద్దు దాటగానే ఎక్సెప్షన్ (తప్పు జరిగిందన్న సంకేతం) వస్తుంది. లైనక్స్‌లో గానీ డబ్ల్యూఎస్ఎల్‌లో (విండోస్‌లోనే లైనక్స్ నడిపే ఏర్పాటు) గానీ అడ్రెస్ శానిటైజర్ (మెమరీ తప్పులు పట్టే సాధనం) ఆన్ చేసి కంపైల్ చేస్తే ఇలాంటి తప్పు ఏ లైన్లో జరిగిందో కూడా చాలాసార్లు చూపిస్తుంది. నేర్పేవాళ్లకు ఈ రెండు ముక్కలు చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?

రెండోది ఇంకా అన్యాయం. అర్రేని ఫంక్షన్‌కి పంపి, లోపల సైజ్‌ఆఫ్‌తో (ఎన్ని బైట్లో చెప్పేది) ఎన్ని ఎలిమెంట్లున్నాయో లెక్క వేశాడు. బయట 5 వచ్చింది, ఫంక్షన్ లోపల 2. ఈసారి డాస్‌బాక్స్ పక్కన పెట్టి, నేను పెట్టించిన 64 బిట్ కంపైలర్‌లో చేశాడు. సపోర్ట్ వాళ్లు కంపైలర్ ప్రాబ్లం, తీసేసి టర్బోనే పెట్టుకోమన్నారు. కంపైలర్‌కి ఏ రోగమూ లేదు. ఫంక్షన్‌కి పంపగానే వెళ్లేది అర్రే కాదు, దాని మొదటి ఎలిమెంట్ అడ్రెస్. ఆ అడ్రెస్ పెట్టుకునే పాయింటర్ 8 బైట్లు, ఒక ఇంట్ (పూర్ణసంఖ్య) 4 బైట్లు, భాగిస్తే 2. టర్బోలో చేసినా 5 రాదు, ఇంకో తప్పు అంకె వస్తుంది. ఫంక్షన్ తీసుకునే పెరామీటర్‌ని అర్రేలా రాసి ఉంటే జీ ప్లస్ ప్లస్ మనం అడక్కుండానే దీని గురించి వార్నింగ్ ఇస్తుంది. వార్నింగులు చదవడం నేర్పితే సగం డౌట్లు అక్కడే తీరతాయి.

ఇక ఆబ్జెక్టుల (క్లాస్ నమూనాతో తయారయ్యేవాటి) అర్రే. రోల్ నంబర్ తీసుకునే కన్‌స్ట్రక్టర్ (ఆబ్జెక్ట్ తయారయ్యేటప్పుడు నడిచే ఫంక్షన్) ఒక్కటే రాసి, ముగ్గురు స్టూడెంట్లకు అర్రే పెడితే కంపైల్ అవ్వలేదు. "ఖాళీ కన్‌స్ట్రక్టర్ ఒకటి పెట్టెయ్" అన్నారు. పెట్టాడు, ఎర్రర్ పోయింది, ముగ్గురి రోల్ నంబర్లూ చెత్త అంకెలు. అర్రే తయారయ్యేటప్పుడే ప్రతి ఆబ్జెక్టుకూ కన్‌స్ట్రక్టర్ నడవాలి. ఏ విలువా ఇవ్వకపోతే డిఫాల్ట్ (ఏ విలువా తీసుకోని) కన్‌స్ట్రక్టర్ కోసం వెతుకుతుంది, మనం వేరేది రాశాం కాబట్టి అది దొరకదు. ముగ్గురి నంబర్లూ బ్రాకెట్లలో అక్కడికక్కడే ఇవ్వొచ్చు, లేదా వెక్టర్ పెట్టుకుని ఒక్కొక్కరినీ చేర్చొచ్చు. ఈ మాట ఎక్కడా చెప్పలేదు. క్లాస్ అంటే ఇంటి ప్లాను, ఆబ్జెక్ట్ అంటే ఇల్లు అని మూడు వీడియోల్లో చెప్పారు, మూడు ఇళ్లు కట్టాల్సి వచ్చేసరికి చేతులెత్తేశారు.

కొత్తవాళ్లు భయపడిపోయే ఇంకో ముచ్చట. ఎంప్లాయీ క్లాసులో జీతం ఇంట్‌గా పెట్టి 40000 ఇస్తే టర్బో మైనస్ 25536 చూపిస్తుంది. అక్కడ ఇంట్ 16 బిట్లే, 32767 దాటితే తిరగబడుతుంది. దీనికి సపోర్ట్ జవాబు 'చిన్న జీతం పెట్టుకో'. నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు.

కాబట్టి డబ్బు కట్టే ముందు, డెమో చూసి మురిసిపోకుండా, వాట్సాప్‌లో వాళ్ల సేల్స్ వాళ్లని అడగండి: ఏ కంపైలర్, ఏ వెర్షన్? వెక్టర్ ఎన్నో పాఠంలో వస్తుంది? న్యూతో (నడుస్తున్న ప్రోగ్రాంకి మెమరీ తీసుకునే పదం) తీసుకున్న ఆబ్జెక్టుల అర్రేని ఎలా వదిలించుకోవాలి? చివరి దానికి డిలీట్ పక్కన చదరపు బ్రాకెట్లు ఉండాలని, అసలు వెక్టర్ వాడితే ఆ గొడవే ఉండదని చెప్పగలిగితే చెప్పేవాళ్లకు విషయం తెలుసు. "ముందు జాయిన్ అవ్వండి, అన్నీ ఉంటాయి" అంటే ఫోన్ పెట్టేయండి. ఏదో ఒక అర్రే పాఠం ఫ్రీగా చూపించమనండి, తెర నీలంగా కనిపిస్తే ఇక అడగడానికేమీ లేదు.

ఇంగ్లీషు ఫర్వాలేదు అనుకునేవాళ్లకు ఎన్‌పీటెల్‌లో (ఐఐటీల ఉచిత ఆన్‌లైన్ పాఠాల వేదిక) ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్ల ప్రోగ్రామింగ్ ఇన్ మోడర్న్ సీ ప్లస్ ప్లస్ పాఠాలు ఉచితంగా ఉన్నాయి. సర్టిఫికెట్ పరీక్ష రాస్తేనే ఫీజు. తెలుగులోనే కావాలంటే డబ్బు పెట్టండి, తప్పులేదు, పైన అడిగినవి అడిగాకే.

ఇప్పటికే కొని ఇరుక్కున్నవాళ్లు నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. తప్పుదోవ పట్టించే ప్రకటనలు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కిందకి వస్తాయి, కోచింగ్ సంస్థల ప్రకటనల కోసమే 2024 నవంబరులో కేంద్రం విడిగా మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. రసీదు, చాట్, ముఖ్యంగా ప్రకటన స్క్రీన్‌షాట్ దాచుకోండి. మేం రీఫండ్ అడిగిన తర్వాత వాళ్ల పేజీలో '20 స్టాండర్డ్ దాకా' అన్న మాట తీసేసి 'బేసిక్స్' అని మార్చేశారు. పాత పేజీ స్క్రీన్‌షాట్ తమ్ముడి ఫోన్లో ఉంది, ఫిర్యాదుకు అదే జతచేశాం.