గడ్డకట్టాల్సిన గిన్నె: నాలుగు వేసవులుగా ఇంట్లో టీ ఐస్ క్రీమ్

ఈ ఐస్ క్రీమ్ యంత్రం మా ఇంటికి వచ్చాక ఇది నాలుగో వేసవి. ఎన్ని వాట్లు, ఎంత బరువు లాంటివి డబ్బా మీదే ఉంటాయి, వాటి జోలికి పోను. గోడల మధ్య ద్రవం నింపిన గిన్నెను ముందురోజే ఫ్రీజర్‌లో పెట్టి గడ్డకట్టించి, మర్నాడు మోటారు మీద కూర్చోబెట్టి, చల్లటి పాలు పోసి తిప్పే రకం ఇది. నాకు కోపం వచ్చినా, ముచ్చటేసినా ఆ గిన్నె గురించే. అందులో నేను ఎక్కువగా చేసింది టీ ఐస్ క్రీమ్ కాబట్టి రెండూ కలిపే చెప్తాను.

మాది హైదరాబాద్‌లో రెండు బెడ్‌రూముల ఫ్లాట్. నేను, మావారు, ఇంటర్ చదివే అమ్మాయి, అత్తయ్య. నలుగురిలో ఎవరికీ టీ పడనిదే పొద్దు గడవదు. మామిడి, సీతాఫలం ఐస్ క్రీములు బయట బాగానే దొరుకుతాయి. నిజంగా టీ రుచి ఉన్నది మాత్రం మాకు ఎక్కడా నచ్చలేదు. యంత్రం కొన్నదే అందుకు.

మొదటిసారి ఇంట్లో టీ కాచినట్టే కాచాను. పాలల్లో టీ పొడి వేసి, రెండు పొంగులు రానిచ్చి, చక్కెర కలిపి వడగట్టి, చల్లార్చి గిన్నెలో పోశాను. రంగు చూస్తే కళ్ళు చెదిరేలా వచ్చింది. చెంచా నోట్లో పెట్టుకోగానే మొదట తీపి తెలిసింది, ఆ వెంటనే పచ్చి నేరేడుకాయ కొరికినట్టు నాలుక పట్టేసింది. వేడి టీలో ఆ వగరు అంతగా తెలియదు. వాసన పైకి లేస్తుంది, తీపి నిండుగా తగులుతుంది. అదే గడ్డకట్టించి తింటే చలికి నాలుక మొద్దుబారుతుంది, తీపీ వాసనా వెనక్కి పోయి వగరు ముందుకొస్తుంది. పైగా మనం రోజూ వాడేది సీటీసీ పొడి. ఆకును నలిపి, చీల్చి, చిన్న ఉండలుగా చుట్టే ఆ పద్ధతి 1930 ప్రాంతంలో అస్సాంలో మొదలైంది. రంగు, చిక్కదనం నిమిషాల్లో దిగిపోతాయి. ఆపైన మరిగించిన కొద్దీ దిగేది చాలావరకు వగరే.

తర్వాత స్టవ్ ఆపేసి, వేడి పాలల్లో పొడి వేసి, నాలుగు నిమిషాలకు వడగట్టడం నేర్చుకున్నాను. అది బాగానే వచ్చింది. ఏడాది పాటు అలాగే చేశాను. మా అపార్ట్‌మెంట్‌లోనూ ఆఫీసులోనూ కనిపించిన వాళ్ళందరికీ ‘పాలు పోసి స్విచ్చి వేస్తే ఇరవై అయిదు నిమిషాల్లో ఐస్ క్రీమ్’ అని చెప్పాను. నా మాట విని ఇద్దరు కొన్నారు కూడా.

రెండో వేసవిలో, మే నెలలో, మా మరిదీ తోడికోడలూ పిల్లలతో ఖమ్మం నుంచి వచ్చారు. వచ్చే ముందే పిల్లలకు ఫోన్‌లో ఊరించాను. శనివారం రాత్రి గిన్నె ఫ్రీజర్‌లో పెట్టాను. అప్పటికే అందులో మామిడి గుజ్జు డబ్బాలు కిక్కిరిసి ఉన్నాయి, గిన్నెను వాటి ముందు తలుపు పక్కన ఇరికించాను. ఆదివారం మధ్యాహ్నం కరెంటు పోయి మూడు గంటలు రాలేదు. ఆ ఎండకు పిల్లలు ఐసు ముక్కల కోసం పది నిమిషాలకోసారి ఫ్రీజర్ తలుపు తీస్తూనే ఉన్నారు. సాయంత్రం అయిదింటికి గిన్నె బయటికి తీస్తే పైన తెల్లగా మంచు పట్టి ఉంది. అది చూసి లోపలంతా గడ్డకట్టేసిందనుకున్నాను.

రెక్క తిరగడం మొదలయ్యాక పాలు పోశాను. పది నిమిషాలైంది, ఇరవై అయింది. మామూలుగా ఆపాటికి రెక్క వెనకాల గాడి పడుతుంది, పాలు మడతలు మడతలుగా లేస్తాయి. ఆ రోజు ఏమీ లేదు. నలభై నిమిషాలకు మజ్జిగంత చిక్కబడి అక్కడే ఆగిపోయింది. మోటారు మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. మా మరిది చిన్నకొడుకు చెంచా పట్టుకుని స్టూలు మీద కూర్చుని, ‘పెద్దమ్మా, అయిందా?’ అని ప్రతి రెండు నిమిషాలకూ అడుగుతున్నాడు. ఇక లాభం లేదని ఆపేసి, పాలు జగ్గులోకి ఒంపి, గిన్నెను చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. గోడల లోపల నీళ్ళు కదిలిన చప్పుడు స్పష్టంగా వినిపించింది. గడ్డకట్టిన గిన్నె ఊపితే చడీచప్పుడూ ఉండదు. ఈ పరీక్ష యంత్రంతో వచ్చిన పుస్తకంలోనే ఉంది, కొత్తలో ప్రతిసారీ చేసేదాన్ని, అలవాటయ్యాక మానేశాను. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

సగం పాలు గ్లాసుల్లో పోసి చల్లటి టీ అని పిల్లలకు ఇచ్చాం. మిగతా సగాన్ని ట్రేలో పోసి ఫ్రీజర్‌లో పెట్టబోతుంటే అత్తయ్య ఆపారు. ‘పెరుగు తోడుకోవడానికి రాత్రంతా ఆగుతాం కదమ్మాయ్, దీనికీ ఒక రాత్రి ఇద్దాం. వీళ్ళు మంగళవారం దాకా ఉంటారు’ అన్నారు. సరేనని ఆ పాలు ఫ్రిజ్‌లో పెట్టాను. మామిడి డబ్బాలన్నీ తీసి పక్కింటి వాళ్ళ ఫ్రీజర్‌లో సర్ది, గిన్నెను కడిగి తుడిచి, వెనక గోడకు ఆనించి పెట్టాను. తాగేసిన సగానికి బదులు మళ్ళీ పాలు కాచి చల్లార్చాను. ఎలాగూ రేపటిదాకా ఆగాల్సిందే కదా అని, ఈసారి ఆకును ఆ చల్లటి పాలల్లోనే వేసి మూతపెట్టేశాను. ఇంట్లో అప్పుడు డార్జిలింగ్ ఆకు కొంచెం ఉంది, అదే వేశాను.

సోమవారం పొద్దున ఆ మూత తీసినప్పటి వాసన ఇప్పటికీ గుర్తుంది. కాచిన టీ వాసన అసలే లేదు. కొత్త టీ డబ్బా మూత మొదటిసారి తీసినప్పుడు గుప్పుమంటుందే, ఎండు పూలూ ఎండు ద్రాక్షా కలిసినట్టు, అది ఉన్నదున్నట్టు పాలల్లోకి దిగింది. వగరు దాదాపు లేదు. సాయంత్రం రెండూ విడివిడిగా తిప్పలేక కలిపే పోశాను. ఇరవై రెండు నిమిషాల్లో గడ్డకట్టింది. అంత నున్నటి ఐస్ క్రీమ్ ఆ గిన్నెలో అంతకుముందు ఎప్పుడూ రాలేదు. దానికి కారణం ఉంది. కాచిన పాలను నాలుగు గంటలో, రాత్రంతానో చల్లగా ఉంచితే అందులోని వెన్న గట్టిపడుతుంది, మాంసకృత్తులు నీటిని పట్టుకుంటాయి, తిప్పేటప్పుడు గాలి బాగా నిలుస్తుంది, మంచు పలుకులు చిన్నవిగా ఉంటాయి. ఏడాదిగా నేను గంటసేపు చల్లార్చి పోసేస్తున్నాను.

అప్పటినుంచి ఇదే పద్ధతి. ఆరువందల మిల్లీలీటర్ల ఫుల్ క్రీమ్ పాలు, 120 గ్రాముల చక్కెర, మూడు పెద్ద చెంచాల పాలపొడి, చిటికెడు ఉప్పు కలిపి కాస్తాను. పూర్తిగా చల్లారాక 200 మిల్లీలీటర్ల క్రీమ్ ప్యాకెట్ కలిపి, 30 గ్రాముల టీ ఆకు వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచుతాను. పొద్దున మల్లుగుడ్డలో పోసి వేరే గిన్నె మీద వేలాడదీస్తాను, దానంతట అది కారాలి. పిండితే వగరు దిగుతుంది. ఆకు దాదాపు వంద మిల్లీలీటర్ల పాలు తాగేస్తుంది, అందుకే పాలు ఆ మేరకు ఎక్కువ పోసేది. ముప్పై గ్రాములంటే పదిహేను కప్పుల టీకి సరిపోయే ఆకు. మొదట్లో అంత వేయడానికి నాకు చెయ్యి రాలేదు, కానీ చల్లటి నాలుకకు తెలియాలంటే అంత పడాల్సిందే. మన నిబంధనల ప్రకారం ఐస్ క్రీమ్‌లో పాల కొవ్వు కనీసం 10 శాతం ఉండాలి. ఈ కొలతకు నాది దాదాపు అక్కడికి వస్తుంది.

రకాల విషయానికొస్తే, అస్సాం సీటీసీ ఆరు గంటలు నానితే చాలు, రాత్రంతా ఉంచితే ముదిరిపోతుంది. అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది మల్లెపూల గ్రీన్ టీ. తాజా మల్లెలను ఆకుతో కలిపి ఉంచి ఆ వాసన పట్టించే టీ అది. వేడి నీళ్ళలో చేస్తే కాస్త ఆదమరిచినా చేదెక్కేది. చల్లటి పాలల్లో మాత్రం చేదన్నదే లేదు, వేసవి రాత్రి జడలో మల్లెలు పెట్టుకుని డాబా మీద పడుకున్నట్టు ఉంటుంది. అత్తయ్య రెండోసారి అడిగి పెట్టించుకున్న ఒకే ఒక్క ఐస్ క్రీమ్ అదే.

ఇరానీ చాయ్ రుచి కోసం చాలా కష్టపడ్డాను. అందులో డికాషన్‌ను మూసిన గిన్నెలో సన్నటి సెగ మీద చాలాసేపు మగ్గిస్తారు, పాలు విడిగా చిక్కగా మరిగించి చివర్లో కలుపుతారు. ఆ మగ్గిన రుచి చల్లటి పాలల్లో నానబెడితే రాదు. డికాషన్ కాచి పోస్తే అందులోని నీళ్ళన్నీ పలుకులైపోతాయి. చివరికి ముప్పావు లీటరు పాలను అర లీటరు కన్నా తక్కువకు మరిగించి, నూరు మిల్లీలీటర్లే చిక్కటి డికాషన్ పోస్తే కుదిరింది. దీనికి వగరు కొంచెం ఉండాలి, అప్పుడే హోటల్లో కూర్చున్నట్టు ఉంటుంది. ఉస్మానియా బిస్కెట్టు తిప్పేటప్పుడే వేస్తే మర్నాటికి మెత్తబడిపోతుంది, తినేటప్పుడు పైన చిదిమి వేసుకోవాలి. అల్లం టీ చేయాలనుకుంటే అల్లాన్ని ముందు కొంచెం నీళ్ళలో మరిగించండి. పచ్చి అల్లంలో పాలను విరిచే గుణం ఉంది. ఒకసారి తురుము నేరుగా పాలల్లో వేసి, లీటరు పాలు పారబోసుకున్నాను.

‘ఇరవై అయిదు నిమిషాల్లో ఐస్ క్రీమ్’ అని ఇప్పుడు ఎవరితోనూ అనడం లేదు. ఇరవై అయిదు నిమిషాలు తిప్పడానికే. దానికి ముందు గిన్నెకు ఒక రోజు, పాలకు ఒక రాత్రి కావాలి. ఒకసారి తిప్పాక గిన్నె మళ్ళీ గడ్డకట్టేదాకా రెండో విడత లేదు, అందుకే పదిమంది వస్తే ముందురోజే ఒక విడత చేసి దాస్తాను. నా మాట విని కొన్న వాళ్ళలో ఒకరిది సింగిల్ డోర్ ఫ్రిజ్. వాళ్ళ ఫ్రీజర్‌లో గిన్నె పట్టనే లేదు, యంత్రం అటక మీదే ఉండిపోయింది. ఆ విషయంలో నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. కొనే ముందు ఫ్రీజర్ ఎత్తు టేపుతో కొలుచుకోండి. లోపలే చల్లబరిచే పెద్ద యంత్రాలకు ఈ తంటా లేదు గానీ, వాటి ధరకూ బరువుకూ మా వంటింటి గట్టు మీద చోటు లేదు.

మామిడికైతే ఈ యంత్రం కొనమని గట్టిగా చెప్పలేను. గుజ్జు సిద్ధంగా ఉన్నప్పుడు గిన్నె కోసం ఒక రోజు ఆగడం నాకు ఇప్పటికీ చికాకే. టీకి మాత్రం ఆ రోజు ఎలాగూ ఆకు నానడానికే పోతుంది, అందుకే మా ఇంట్లో ఇది అటకెక్కలేదు. మాది డబుల్ డోర్ ఫ్రిజ్, శుక్రవారం రాత్రి మొదలుపెట్టి ఆదివారం తినే ఓపిక ఉంది, తినేది నలుగురమే. ఇవేవీ లేని ఇంట్లో నా అనుభవం ఎంతవరకు పనికొస్తుందో మీరే చూసుకోండి. ఇంకో జాగ్రత్త: పది మందికి పంచినా ఒక్కొక్కరి వాటాకు కప్పున్నర టీ ఆకు పడుతుంది. రాత్రి భోజనం తర్వాత తిని మా అమ్మాయి ఒంటిగంట దాకా మేలుకుంది. ఇప్పుడు మధ్యాహ్నం అన్నాలయ్యాకే బయటికి తీస్తున్నాను. రాయిలా ఉంటుంది కాబట్టి పది నిమిషాలు ముందు తీసి బల్ల మీద పెట్టాలి.

ఈ రాత్రి మళ్ళీ మల్లె టీ నానబెట్టాను. గిన్నె నిన్నటి నుంచి ఫ్రీజర్ వెనక గోడకు ఆని ఉంది. పడుకునే ముందు ఒకసారి తీసి చెవి దగ్గర ఊపి చూశాను, చప్పుడు లేదు.