నల్ల ల్యాబా, ఫాన్ ల్యాబా, చాక్లెట్టా: రంగును బట్టి బుద్ధి ఉంటుందా?

మా చిట్టిని ఇంటికి తెచ్చుకుని ఆరు నెలలైంది. నల్ల ల్యాబ్, అంటే లాబ్రడార్ జాతి కుక్కపిల్ల, ఆడది. అప్పటి నుంచి వాకింగ్‌లో ఎదురైన వాళ్లు, ఆఫీసులో వాళ్లు, చుట్టాలు అందరిదీ ఒకటే ప్రశ్న. "నల్లది ఎందుకు తీసుకున్నారండీ, ఫాన్‌ది (లేత పసుపు రంగుది) అయితే నెమ్మదిగా ఉంటుంది కదా?" చాక్లెట్ పిల్ల మీద మనసు పడ్డవాళ్లు ఇంకోలా అడుగుతారు. "అది మొండిదట, మాట వినదట, నిజమేనా?" మా అత్తయ్య కూడా నల్ల కుక్క ఇంట్లో ఎందుకమ్మా అని మొదట ముఖం చిట్లించారు. తర్వాత కాలభైరవుడి వాహనమే కదా అని ఆవిడే సర్దుకున్నారు. ఇప్పుడు చిట్టికి పెరుగన్నం కలిపేది ఆవిడే.

పిల్లను తెచ్చుకునే ముందు నేనూ ఇదే సందేహంతో రెండు నెలలు తిరిగాను. నాకు తేలింది చెబుతాను.

ముందు రంగు సంగతి. ల్యాబ్ ఏ రంగులో పుడుతుందన్నది ముఖ్యంగా రెండు జన్యువుల మీద ఆధారపడుతుంది. ఒకటి నలుపును గోధుమ రంగుగా మార్చేది. తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ కూడా అది వస్తేనే పిల్ల చాక్లెట్ అవుతుంది. రెండోది ముదురు రంగును వెంట్రుకల్లోకి రాకుండా ఆపేది. అదీ రెండు వైపులా వస్తే పిల్ల ఫాన్, అంటే పుస్తకాల్లో రాసే పసుపు ల్యాబ్. అందుకే తల్లీ తండ్రీ ఇద్దరూ నల్లవే అయినా ఒకే ఈతలో మూడు రంగుల పిల్లలూ పుట్టవచ్చు. ఒకే కడుపున పుట్టి, ఒకే పాలు తాగి, ఒకే గోనెపట్టా మీద పడుకున్న ముగ్గురిలో ఒకడు రంగు వల్లే మొండివాడవుతాడంటే నాకు నమ్మబుద్ధి కాలేదు.

ఇంకో చిన్న విషయం నా నమ్మకాన్ని గట్టిపరిచింది. ఫాన్ ల్యాబ్‌ల ముక్కు, కంటి అంచులు దగ్గరగా చూడండి. చాలావాటికి నల్లగా ఉంటాయి. కొన్నిటికి మాత్రం పుట్టినప్పటి నుంచీ గోధుమ రంగులోనే ఉంటాయి. ఆ కుక్క జన్యువుల లెక్కన చాక్లెట్టే, పైకి మాత్రం ఫాన్‌లా కనిపిస్తుంది. చాక్లెట్ జన్యువే మొండితనం తెచ్చేదైతే ఈ గోధుమ ముక్కు ఫాన్‌లకూ ఆ చెడ్డపేరు రావాలి. అలా అన్నవాళ్లను నేను ఇంతవరకూ చూడలేదు.

అలాగని తేడాలే లేవంటే తప్పు. ఎడిన్‌బరోలోని జంతు పరిశోధన సంస్థ రోజ్లిన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు బ్రిటన్‌లోని దాదాపు 2,000 ల్యాబ్‌ల గురించి యజమానులను అడిగి, 2014లో ఫలితాలు ప్రచురించారు. నల్లవాటితో పోలిస్తే చాక్లెట్‌లకు హుషారు ఎక్కువ, పట్టించుకోకపోతే అలజడి ఎక్కువ, నేర్పితే నేర్చుకోవడం కాస్త తక్కువ అని తేలింది. శబ్దాలకు భయపడటం మాత్రం వాటిలోనే తక్కువ. దీపావళికి మంచం కింద దూరే కుక్కలున్న ఇళ్లవాళ్లకు దీని విలువ తెలుస్తుంది. అదే అధ్యయనంలో నాకు ఇంకా ముఖ్యమనిపించినవి రెండున్నాయి. వేటకు తోడు వెళ్లే ల్యాబ్‌లు మిగతావాటికన్నా బాగా మాట వింటాయి. ఎక్కువ వ్యాయామం దొరికేవాటిలో భయం, కోపం తక్కువ.

ఈ రెండూ కలిపి చూస్తే చాక్లెట్ మొండితనానికి కారణం దొరుకుతుందని నా అభిప్రాయం. ఇంగ్లాండులో మొదట్లో ల్యాబ్ అంటే నలుపే. పసుపు ల్యాబ్‌లలో మొదట నమోదైనదిగా చెప్పే బెన్ ఆఫ్ హైడ్ పుట్టింది 1899లో. వేటలో పనిచేసే వంశాల్లో ఇప్పటికీ నల్లవి, పసుపువే ఎక్కువ. చాక్లెట్‌ను ముచ్చటపడి పెంచుకునేవాళ్లు ఎక్కువ. రంగు కోసం జత కట్టించేవాళ్లు బుద్ధి కన్నా రంగునే ముందు చూస్తారు. తేడా అక్కడ మొదలవుతుంది, వెంట్రుకలో కాదు.

చాక్లెట్ విషయంలో నన్ను వెనక్కి లాగింది బుద్ధి కాదు, ఆరోగ్యం. బ్రిటన్‌లో 33,000కు పైగా ల్యాబ్‌ల వైద్య రికార్డులు చూసి 2018లో వేసిన లెక్క ప్రకారం చాక్లెట్‌ల మధ్యస్థ ఆయుష్షు 10.7 ఏళ్లు, మిగతా రంగులవి 12.1. చెవి వాపు నల్లవాటిలో 12.8 శాతం, పసుపువాటిలో 17, చాక్లెట్‌లలో 23.4. ఇక్కడా కారణం రంగే కాకపోవచ్చు. చాక్లెట్ కావాలంటే తల్లీ తండ్రీ ఇద్దరి దగ్గరా ఆ జన్యువు ఉండాలి కాబట్టి, జత కట్టించడానికి దొరికే కుక్కలే తక్కువ. ఆ కొద్దిపాటి వాటిలో ఉన్న జబ్బులే పిల్లలకూ వస్తాయి. విజయవాడ ఉక్కలో చెవుల బాధ ఎలా ఉంటుందో మా ముందు కుక్కతో చూశాను. వారం వారం చెవులు తుడిచే ఓపిక ఉన్నవాళ్లు చాక్లెట్‌ను నిశ్చింతగా తెచ్చుకోవచ్చు.

ఇక ఎండ. నల్లది రోహిణి కార్తెలో తట్టుకోలేదని అందరూ భయపెట్టారు. 2019లో అమెరికాలో 8 నల్ల ల్యాబ్‌లను, 8 పసుపు ల్యాబ్‌లను అరగంట ఎండలో ఉంచి శరీర ఉష్ణోగ్రత కొలిచారు. రంగును బట్టి చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మన మే నెల ఎండ వేరు, అరగంట కన్నా ఎక్కువసేపు వేరు, నిజమే. కానీ ఆ ఎండలో ఏ రంగు ల్యాబ్‌నూ బయటికి తీసుకెళ్లకూడదు. ఉదయం ఆరులోపు, మళ్లీ చీకటి పడ్డాక, రోడ్డు మీద అరచెయ్యి ఆనించి చూశాకే మేం బయల్దేరతాం.

ఫాన్‌కు ఒక సుఖం ఉంది, పిడుదులు వెంటనే కనపడతాయి. చిట్టి ఒంటి మీద వేళ్లతో తడుముతూ వెతుక్కోవాలి. రోజూ రాత్రి పది నిమిషాలు దానికే పోతాయి, చిట్టికి మాత్రం అదొక మసాజ్. వెంట్రుకలు మూడు రంగులవీ రాలతాయి, ఏ గచ్చు మీద ఏవి కనపడతాయన్నదే తేడా. "వైట్ ల్యాబ్" అని ఎక్కువ ధర చెబితే అది లేత పసుపే. నక్క రంగూ పసుపులోదే. సిల్వర్ అని అమ్మే బూడిద రంగువాటి జోలికి పోవద్దు, ఆ రంగుతో పాటు వెంట్రుకలు ఊడే చర్మ సమస్య రావచ్చు.

మరి దేన్ని చూసి ఎంచుకోవాలి? తల్లిని. నేను నాలుగు చోట్ల పిల్లల్ని చూశాను. మొదటి చోట ముప్పై రోజుల పిల్లల్ని అట్టపెట్టెలో పెట్టి రోడ్డు మీదికే తెచ్చి చూపించారు. తల్లి ఏదంటే ఊళ్లో ఉందన్నారు. ఎనిమిది వారాలు నిండని పిల్లల్ని అమ్మకూడదని 2017 నుంచి మన దేశంలో నిబంధనే ఉంది. తోడబుట్టినవాటితో కొరుక్కుంటూ ఆడుతూ ఎంత గట్టిగా కొరికితే నొప్పో నేర్చుకునే వారాలవి. అవి పోగొట్టుకున్న పిల్ల ఇంటికొచ్చి మన పిల్లల చేతులు కొరికితే చాక్లెట్ కదా, అంతే అంటాం.

నాలుగోది గుంటూరు దగ్గర ఒక రైతు ఇల్లు. నేను గేటు తీస్తే తల్లికుక్క ఒకసారి మొరిగి, ఇంటావిడ "ఆగవే" అనగానే ఆగి, వచ్చి నా చెయ్యి వాసన చూసింది. ఆవిడ పిల్లల్ని ఎత్తుకుంటున్నా కంగారుపడలేదు. నేను తాళాల గుత్తిని కావాలనే గచ్చు మీద పడేశాను. ఆరు పిల్లల్లో రెండు తల్లి వెనక్కి పారిపోయాయి, అందులో ఒకటి నల్లది, ఒకటి ఫాన్. ఒక ఫాన్ పిల్ల అసలు పట్టించుకోలేదు. ఒక నల్ల పిల్ల ఉలిక్కిపడి, రెండు అడుగులు వెనక్కి వేసి, మళ్లీ వచ్చి తాళాలు నోట కరుచుకుంది. అదే చిట్టి.

నల్లదంటే నాకు ముందు నుంచీ ఇష్టమే, ఆ మెరుపు ఇంకే రంగుకూ రాదు. కానీ ఆ రోజు తాళాలు కరుచుకున్నది ఫాన్ పిల్ల అయితే దాన్నే తెచ్చుకునేదాన్ని. మీరు ఫోన్ చేసినప్పుడు ఏ రంగులున్నాయని కాక, పిల్లలకు ఎన్ని వారాలు, తల్లిని చూపిస్తారా అని అడగండి. చూపించం అంటే అక్కడికి వెళ్లొద్దు.