ఇందు రీలా, కొత్త రీలా: సిరిమానుకి ఏది మేలు?

నాన్న ట్రంకుపెట్టెలో రెండు ఇందు బ్లాక్ అండ్ వైట్ రీళ్లు దొరికాయి, 120 సైజువి. ఒకటి సీలు కూడా తీయలేదు. రెండోది ఫొటోలు తీసేసి కడిగించకుండా వదిలేసింది. "అందులో ఏటుందో మీ నాన్నకే తెలియాల" అంది అమ్మ.

ఇందు మన దేశపు ఫిల్మ్. ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ తయారుచేసేది. 1967లో ఉత్పత్తి మొదలైన ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు లేదు. అందుకే ఆ సీలు తీయని రీలుతో ఈసారి విజయనగరం పైడితల్లి జాతరలో సిరిమాను, అంటే చివర పూజారి కూర్చుని ఊరేగే పొడవాటి మాను, ఫొటోలు తీయాలని గట్టిగా కోరిక పుట్టింది.

లెక్క వేసుకుంటే మాత్రం భయమేసింది. కాలం చెల్లిన ఫిల్మ్‌కి పదేళ్లకి వెలుతురు ఒక స్టాప్ ఎక్కువ, అంటే రెట్టింపు, ఇవ్వాలని ఫొటోగ్రాఫర్లు అంటారు. బ్లాక్ అండ్ వైట్ కొంచెం మెరుగ్గానే నిలుస్తుంది, కానీ మన ఎండలకీ తేమకీ ముప్పై ఏళ్లు ట్రంకులో ఉన్నదాన్ని నమ్మలేం. దాని స్పీడ్ (వెలుతురుని పట్టే శక్తి) 100 అనుకున్నా, మూడు స్టాప్‌లు పోతే 12 అవుతుంది. వెలుతురు దిగిపోయే వేళ నా యాషికా కెమెరాలో షట్టర్ 30వ వంతు సెకనుకి వస్తుంది. మాను కదులుతూనే ఉంటుంది, చివర కూర్చున్న పూజారి ముఖం చెదిరిపోతుంది. పైగా ఫిల్మ్‌తో పాటు చుట్టి ఉండే వెనక కాగితం మీది అంకెలు ఫొటోలోకి దిగే ప్రమాదం కూడా ఉంది. కొత్త బ్లాక్ అండ్ వైట్ రీలు ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్ అయితే 400 స్పీడు, అదే వెలుతురులో 500వ వంతు కూడా అందుతుంది. గుడికీ కోటకీ మధ్య మాను మూడుసార్లు తిరుగుతుంది, ఆ తర్వాత మళ్లీ ఏడాది ఆగాలి. సిరిమానుకి కొత్త రీలే మేలు.

కలర్ కావాలంటే కొడక్ గోల్డ్ ఉంది. దాన్ని 38 డిగ్రీల దగ్గర కడగాలి, ఇంట్లో ఆ వేడి నిలపడం టెన్షన్. నేను అడిగిన స్టూడియోల్లో ఫిల్మ్ కడిగేవాళ్లు లేరు, కొరియర్‌లో పంపాలి. బ్లాక్ అండ్ వైట్‌కి 20 డిగ్రీలు చాలు. మన కుళాయి నీళ్లు అంత చల్లగా ఉండవు కాబట్టి బేసిన్‌లో ఐసు వేసి కడుగుతాను.

అన్నిటికంటే ముందు కడగాల్సింది మాత్రం నాన్న తీసిన రీలే. ఫిల్మ్ మీద పడిన బొమ్మ ఏళ్లు గడిచేకొద్దీ మాసిపోతుంది. అయినా మాది అదృష్టమే. కొడక్ వాళ్ల పాత కలర్ ఫిల్మ్ కోడాక్రోమ్ అయితే రంగుల్లో కడిగే దారే లేదు. అమెరికాలో కాన్సాస్‌లోని ఆఖరి ల్యాబ్ 2010 డిసెంబర్ 30తో రీళ్లు తీసుకోవడం ఆపేసింది. ఇందు ఫిల్మ్‌కి మామూలు డెవలపర్ (ఫిల్మ్ కడిగే రసాయనం) సరిపోతుంది. ఈ ఆదివారమే కడుగుతాను.

ఆ రీలుకి అంటించిన కాగితం మీద నాన్న పెన్నుతో "కళింగపట్నం" అని రాశారు. సీలు తీయని రీలు అక్కడికే తీసుకెళ్తాను, మిట్టమధ్యాహ్నం, సముద్రం దగ్గర బోలెడు వెలుతురులో. పన్నెండు ఫొటోలు వస్తాయి, ఎన్ని చెడినా పర్వాలేదు.