రంగు లేని టాప్‌వాటర్ లూర్: లేక్ ట్రావిస్‌లో చాలాకాలం వాడాక

షాపు గోడకి వేలాడే టాప్‌వాటర్ లూర్లలో (నీటి మీద తేలుతూ కదిలే బొమ్మ ఎరలు) ఎవరి చెయ్యీ తొందరగా వెళ్లనిది క్లియర్ లూర్, అంటే రంగు వెయ్యని పారదర్శక ప్లాస్టిక్‌ది. కప్పలాంటి పచ్చ, ఎముక తెలుపు, వెండి మెరుపుల మధ్య దాన్ని చూస్తే రంగు వెయ్యడం మర్చిపోయారా అనిపిస్తుంది. టెక్సాస్‌లోని ఆస్టిన్ చుట్టుపక్కల బాస్ చేపలు పట్టే మనవాళ్లు దీని గురించి అడుగుతుంటారు కాబట్టి, కొన్నేళ్లుగా వాడుతున్నవాడిగా రాస్తున్నాను. నేను వాడేవి మూడూ హెడన్ కంపెనీవే: మూడున్నర అంగుళాల సూపర్ స్పూక్ జూనియర్, మూడు అంగుళాల జారా పప్పీ, రెండు అంగుళాలు కూడా లేని టైనీ టార్పిడో. మొదటి రెండూ నీటి మీద అటూ ఇటూ తల తిప్పుకుంటూ నడిచేవి. మూడోదానికి వెనక చిన్న ఫ్యాన్ ఉంటుంది.

ముందు నీళ్ల సంగతి. లూర్ కంటే అదే ముఖ్యం. ఆస్టిన్ దగ్గరున్న లేక్ ట్రావిస్ సరస్సు కొలరాడో నది మీద మాన్స్‌ఫీల్డ్ డ్యామ్ కట్టడంతో ఏర్పడింది (గ్రాండ్ కాన్యన్ కొలరాడో కాదు, టెక్సాస్‌లో పుట్టి టెక్సాస్‌లోనే సముద్రంలో కలిసే నది). అడుగంతా సున్నపురాయి. వరద నీరు రానంతకాలం డ్యామ్ వైపు చాలా తేటగా ఉంటుంది, పడవ అంచు మీంచి తొంగి చూస్తే కింద రాళ్లు లెక్కపెట్టుకోవచ్చు. 2017లో ఇక్కడ జీబ్రా మసెల్స్ కూడా బయటపడ్డాయి. నీటిని వడగట్టుకుని బతికే చిన్న ఆల్చిప్పలవి.

ఇంత తేట నీళ్లలో ఎముక తెలుపు లూర్ వేస్తే తరచూ ఒకటే జరుగుతుంది. బాస్ లోతులోంచి లేచి వస్తుంది, లూర్ వెనకే నాలుగు బారలు ఈదుతుంది, అడుగు దూరంలో ఆగుతుంది, చూస్తుంది, తిరిగి వెళ్లిపోతుంది. పైనుంచి మనకి ఇదంతా కనపడుతూనే ఉంటుంది, అదే ఏడిపిస్తుంది. క్లియర్ లూర్ వేస్తే ఈ వెనకడుగులు బాగా తగ్గాయి. కారణం నాకు తోచింది చెప్తాను. వెలుతురు లూర్లోంచి దూరిపోతుంది కాబట్టి కింద ఉన్న చేపకి దాని ఆకారం సరిగ్గా అందదు. నీరు చిమ్మడం, ఒక తళుకు, పారిపోతున్న కదలిక, అంతే. పరీక్షగా చూద్దామంటే చూడ్డానికి ఏమీ ఉండదు. పైగా ఇక్కడి బాస్ తినే షాడ్ చేపపిల్లలు కూడా చిన్నప్పుడు సగం గాజులాగే ఉంటాయి.

బాగా పనిచేసేది ఎండ ఉన్నప్పుడే. నీటి మీద సన్నటి అలలుంటే ఇంకా మంచిది. టాప్‌వాటర్ అంటే తెల్లవారుజామున, లేకపోతే పొద్దు గూకే వేళ అనే మాట దీనికి పెద్దగా వర్తించదు. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఈ సరస్సు ఒడ్డునే ఉన్న పేస్ బెండ్ పార్క్ దగ్గర పది గంటల ఎండలో షాడ్ గుంపుల్ని తరుముతూ చేపలు పైకి తేలినప్పుడు, నేను పెట్టెలోంచి ముందు తీసేది ఇదే. అప్పుడు పడేవాటిలో సగం వైట్ బాసే (ఇంకో జాతి చేప) అనుకోండి, అయినా ఆ హడావుడిలో ఎవరూ ఫిర్యాదు చెయ్యరు. రాళ్ల అంచుల వెంట ఉండే గ్వాడలూప్ బాస్ ఆకారంలో చిన్నది, నోరూ చిన్నదే. దానికి జారా పప్పీ సరిగ్గా సరిపోతుంది. 1989 నుంచి టెక్సాస్ రాష్ట్ర చేప అదే కాబట్టి పడితే ఫొటో తీసుకుని వదిలేస్తాను.

మబ్బు పట్టినా, చీకటి పడుతున్నా, వాన తర్వాత నీళ్లు ఎర్రబడినా దీన్ని లోపల పెట్టేయండి. అలాంటప్పుడు చేపకి కనపడే నల్ల లూరో తెల్ల లూరో కావాలి. మన ఊరి చెరువుల్లో కొర్రమీను కోసం ఇది కొనుక్కెళ్దామనుకునేవాళ్లకీ అదే మాట. ఆ బురద నీటికి, ఆ నాచుకి రబ్బరు కప్పే సరైనది.

అందరూ చెప్పే లోపం, వేసినవాడికే లూర్ కనపడదని. నిజమే, ముప్ఫై గజాల అవతల ఎండ తళతళలో అది ఎక్కడుందో తెలియదు. నాకు మాత్రం అది లాభంగానే తేలింది. తెల్ల లూర్ చుట్టూ నీళ్లు భగ్గుమనగానే చెయ్యి దానంతటదే లాగేస్తుంది, చేప నోట్లోకి వెళ్లకముందే లూర్ గాల్లోకి లేస్తుంది. ఇది కనపడదు కాబట్టి చేతికి బరువు తగిలేదాకా ఆగక తప్పదు. బరువు తగిలాక లాగితే హుక్ గట్టిగా దిగుతుంది. నడక మాత్రం చేతికి అలవాటు కావాలి, లైన్‌ని (గాలం దారాన్ని) కొంచెం వదులుగా ఉంచి చిన్న చిన్న కుదుపులు ఇస్తూ పోవాలి. చూపు సాయం ఉండదు కాబట్టి కొత్తవాళ్లు ముందు తెల్లదానితో నేర్చుకుని దీనికి రావడం మంచిది.

లైన్ విషయంలో ఫ్లోరోకార్బన్ రకం వద్దు. అది మునిగి లూర్ ముక్కుని కిందికి లాగుతుంది. నేను అల్లిక లైన్‌కి రెండు అడుగుల మోనో లీడర్ (చివర కట్టే ఒంటిపోగు నైలాన్ దారం ముక్క) కడతాను. వట్టి అల్లిక మెత్తగా ఉండి ముందు హుక్‌కి చుట్టుకుంటుంది, పైగా మసెల్స్ పట్టిన రాళ్లకి రాసుకుంటే తెగుతుంది.

మన్నిక దగ్గర కొంచెం జాగ్రత్త కావాలి. రాలిపోవడానికి పెయింట్ లేదు, ఆ గొడవ లేదు. బాస్ పళ్లు గరుకు కాగితంలా గీసి గీసి నా సూపర్ స్పూక్ జూనియర్ నడుం దగ్గర మసకబారింది. దానివల్ల చేపలు తగ్గలేదు. అసలు శత్రువులు రెండు. ఒకటి మెత్తటి ప్లాస్టిక్ వానపాములు. వాటిని ఇదే అరలో పెడితే తగిలినచోట గట్టి ప్లాస్టిక్ కరిగి జిగురవుతుంది. రెండోది డీట్ అనే రసాయనం ఉన్న, ఒంటికి రాసుకునే దోమల మందు. మా స్నేహితుడి పారదర్శక లూర్ మీద బొటనవేలి ముద్ర అచ్చు పడిపోయింది, గీతలతో సహా. ఇంకో కంపెనీ లూర్‌కి అతుకు దగ్గర సన్నటి పగులు వచ్చి లోపలికి నీళ్లు చేరాయి. లోపలంతా కనపడుతుంది కాబట్టి వెంటనే తెలిసింది, అదే రంగు లూర్ అయితే ఎందుకు వంకరగా నడుస్తోందో అర్థం కాక గంటసేపు కుస్తీ పట్టేవాణ్ని.

మార్చుకోదగ్గది వెనక హుక్. తెల్లటి ఈక కట్టిన ట్రెబుల్ హుక్ (మూడు కొక్కేలది) వేస్తే లూర్ ఆగినప్పుడు ఆ ఈక ఒక్కటే మెల్లగా విచ్చుకుంటుంది, చేప గురి పెట్టేది దానికే. నాకు పడే చేపల్లో ఎక్కువ వెనక హుక్‌కే దొరకడం ఇది మార్చాకే.

ధర పెద్ద లెక్కలోది కాదు, పది డాలర్ల లోపే దొరుకుతుంది. మూడింటిలో ఒక్కటే కొనాలంటే సూపర్ స్పూక్ జూనియర్ తీసుకోండి, బరువు అర ఔన్సు ఉంటుంది కాబట్టి దూరం వెళ్తుంది, కొంచెం గాలి ఉన్నా తట్టుకుంటుంది. పిల్లల్ని తీసుకెళ్తే మాత్రం టార్పిడో. ఊరికే చుట్టినా ఫ్యాన్ గిరగిరా తిరుగుతుంది, వాళ్లకి విసుగు రాదు. చేతికి ఇచ్చే ముందు హుక్‌ల ముళ్లు ప్లయర్‌తో నొక్కేయండి.