బౌల్డరా, ఫోర్ట్ కాలిన్సా? డెన్వర్ నుంచి ఒక పూట బీరు యాత్రకు ఏది మేలు?

వేసవి మొదలైందంటే డెన్వర్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లందరికీ ఒకే ప్రశ్న ఎదురవుతుంది. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో స్నేహితులు దిగుతారు. రాకీ పర్వతాలు చూడాలి, ఎస్టెస్ పార్క్ చూడాలి, ఒక పూట మంచి బ్రూవరీలో, అంటే బీరు కాచి అక్కడే పోసే చోట, కూర్చోవాలి అంటారు. బౌల్డర్ వెళ్దామా, ఫోర్ట్ కాలిన్స్ వెళ్దామా అన్నది ఆ వెంటనే వచ్చే మాట. ఈ మధ్య మాస్టర్స్‌కు వచ్చిన విద్యార్థులు కూడా ఇదే అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోనులో చెప్పే ఓపిక అయిపోయింది కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను.

రెండూ రాకీ పర్వతాల అంచున ఉన్న విశ్వవిద్యాలయ పట్టణాలే. రెండూ సముద్ర మట్టానికి 5,000 అడుగుల పైన ఉన్నవే. బౌల్డర్‌లో 1876 నాటి యూనివర్సిటీ ఆఫ్ కొలరాడో, ఫోర్ట్ కాలిన్స్‌లో 1870 నాటి కొలరాడో స్టేట్ యూనివర్సిటీ. మంచి బీరు రెండుచోట్లా దొరుకుతుంది. ఏ ఊరి బీరు రుచి అని తగవు పెట్టుకుంటే తెల్లవారుతుంది గానీ తేలదు. నన్నడిగితే తేల్చుకోవలసిన సంగతి ఒక్కటే: తాగాక తిరిగి ఎలా వస్తారు?

ఇది పెద్దమనిషి నీతిబోధలా వినిపిస్తే వినిపించనివ్వండి. కొలరాడోలో రక్తంలో ఆల్కహాల్ 0.08 శాతానికి చేరితే డీయూఐ, అంటే తాగి బండి నడిపిన నేరం. 0.05 దాటినా సరే, డీడబ్ల్యూఏఐ అని, తాగడంవల్ల బండి నడిపే సామర్థ్యం తగ్గిందనే మరో నేరం ఉంది. చాలామందికి ఈ రెండో సంగతి తెలియదు, 0.08 వరకూ ఫరవాలేదనుకుంటారు. ఇక వీసా మీద ఉన్నవాళ్లకు అసలు చిక్కు కోర్టు బయట ఉంది. డీయూఐ కేసులో అరెస్టయితే చాలు, నేరం రుజువు కాకపోయినా, అమెరికా విదేశాంగ శాఖ వీసాను రద్దు చేయవచ్చు. 2015 నుంచి ఆ పద్ధతి నడుస్తోంది. హెచ్1బీ అయినా ఎఫ్1 అయినా తేడా లేదు. చాలా సందర్భాల్లో రద్దయిన వెంటనే దేశం విడిచి పొమ్మనరు, నిజమే. కానీ చెల్లెలి పెళ్లికని ఇండియా వెళ్తే తిరిగి రావడానికి కొత్త వీసా కావాలి, దానికి ముందు కాన్సులేట్ చెప్పిన డాక్టరు దగ్గర పరీక్షలు చేయించుకోవాలి. ఇక ఆ ఉద్యోగం, ఇంటి లోను, పిల్లల బడి అన్నీ ఆ డాక్టరు కాగితం కోసం ఎదురుచూస్తూ కూర్చుంటాయి. రెండు పింట్ల కోసం ఇంత జూదం ఎందుకు?

కాబట్టి కారు తాళం ఇంట్లో పెట్టి వెళ్లగలిగే ఊరేది అన్న లెక్కతోనే ఈ రెండింటినీ చూస్తాను.

మొదట బౌల్డర్. డెన్వర్ యూనియన్ స్టేషన్ నుంచి ఫ్లాటిరాన్ ఫ్లయర్ బస్సు ఎక్కితే సుమారు గంటలో ఊరి నడిబొడ్డున దిగుతారు. బస్సులు తరచుగా ఉంటాయి, రాత్రి ఆలస్యమైనా కంగారు పడక్కర్లేదు. దిగిన చోటి నుంచి ఊళ్లో అందరూ తిరిగే పెర్ల్ స్ట్రీట్ కూతవేటు దూరం. పొద్దున చటాక్వా పార్కు దగ్గర కొండ ఎక్కి, మధ్యాహ్నం దిగివచ్చి, సాయంత్రం గ్లాసు పట్టుకొని కూర్చుంటే ఎదురుగా ఫ్లాటిరాన్స్ అనే ఆ ఎర్రటి రాతి పలకలు నిలబడి ఉంటాయి. ఆ దృశ్యానికి ఫోర్ట్ కాలిన్స్‌లో సాటి లేదు, ఒప్పుకుంటాను. చరిత్రలో కూడా బౌల్డర్‌దే పైచేయి. కొలరాడోలో మొదటి క్రాఫ్ట్ బ్రూవరీ (చిన్న ఎత్తున సొంత తీరులో బీరు కాచేది), బౌల్డర్ బీర్ కంపెనీ, 1979లో పుట్టింది. దాన్ని మొదలుపెట్టినవాళ్లలో ఇద్దరు ఇక్కడి విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర ఆచార్యులు. తొలి రోజుల్లో బీరు కాచింది ఒక పొలంలోని మేకల కొట్టంలో. విశ్వవిద్యాలయం ఉన్న ఊళ్లో బీరు ఇలా కాక ఇంకెలా పుడుతుంది! ఆ కంపెనీ పబ్ 2020 జనవరిలో మూతపడింది, అది వేరే విచారం.

చిక్కెక్కడంటే, బౌల్డర్ బ్రూవరీలు ఊరంతా చెల్లాచెదురుగా ఉంటాయి. 1993లో మొదలైన ఏవరీ పేరు చాలామంది వినే ఉంటారు, 'మహారాజా' అనే ఘాటైన ఐపీఏ (చేదు ఎక్కువుండే బీరు రకం) పేరు చూసి మనవాళ్లు సరదాపడి కొంటారు కదా, వాళ్లే. 2015లో వాళ్లు పెద్ద ప్రాంగణం కట్టుకొని గన్‌బ్యారెల్‌కు తరలిపోయారు. అది ఊరి మధ్య నుంచి ఐదారు మైళ్లు. అప్‌స్లోప్ అనే మరో బ్రూవరీని వెతుక్కుంటూ వెళ్తే ఫ్లాటిరాన్ పార్క్ అనే ఆఫీసు భవనాల మధ్య తేలతారు. అంటే డెన్వర్ నుంచి రావడం సులువు, వచ్చాక ఒకచోటి నుంచి మరోచోటికి పోవడమే కష్టం. ఉబరో, ఊళ్లో బస్సో పట్టుకుంటూ పోవాలి. నలుగురు కలిసి వెళ్లినప్పుడు మూడో గ్లాసు దగ్గర ఎవరో ఒకరు "కారు తెచ్చుకుని ఉంటే బాగుండేది" అంటారు. ఆ మాట పుట్టే అవకాశం ఇచ్చే ఊరంటే నాకు భయం. పైగా అక్కడి 'మహారాజా'లో ఆల్కహాల్ పది శాతం పైమాటే. పన్నెండు ఔన్సుల మామూలు బీరుకు వేసుకునే లెక్క దానికి పనికిరాదు, చిన్న గ్లాసులో పోసినా సరే దాన్ని రెండు బీర్లుగానే లెక్కపెట్టుకోవాలి.

ఇప్పుడు ఫోర్ట్ కాలిన్స్. ఇక్కడ బీరు కథ వినడానికే తమాషాగా ఉంటుంది. ఈ ఊళ్లో 1896 నుంచి 1969 వరకు మద్యనిషేధం. దేశమంతా నిషేధం ఎత్తేసిన తర్వాత కూడా ముప్ఫై ఏళ్లకు పైగా పట్టుబట్టి కూర్చున్న ఊరు. అలాంటి చోట 1988లో బడ్‌వైజర్ వాళ్ల భారీ కర్మాగారం తెరిచారు. 1989లో ఓడెల్ బ్రూవరీ, అదే ఏడాది ఊరి మధ్యలో కూపర్‌స్మిత్స్ పబ్, 1991లో న్యూ బెల్జియం బ్రూవరీ వచ్చాయి. ఇప్పుడు ఇక్కడి విశ్వవిద్యాలయంలో బీరు కాయడం, పులియబెట్టడం డిగ్రీ చదువు. అమ్మానాన్నలకు ఏ కోర్సులో చేరానని చెబుతారో అని నాకు ఎప్పుడూ సందేహమే.

ఈ ఊరి గొప్పతనం దూరాల్లో ఉంది. ఊరి పాత నడిబొడ్డయిన ఓల్డ్ టౌన్ నుంచి లిండెన్ వీధి పట్టుకొని పూడర్ నది దాటితే న్యూ బెల్జియం. అక్కడి నుంచి పదిపదిహేను నిమిషాలు నడిస్తే లింకన్ అవెన్యూ మీద ఓడెల్. మళ్లీ నడిచి ఓల్డ్ టౌన్‌కు వస్తే భోజనానికి ఎన్నో చోట్లు, పడుకోవడానికి హోటళ్లు. సాయంత్రమంతా కాళ్ల మీదే గడుస్తుంది. గ్లాసుకూ గ్లాసుకూ మధ్య ఇలా నడక పడటం వల్ల ఇంకో మేలు కూడా ఉంది, తాగే వేగం దానంతటదే తగ్గుతుంది. ఇక్కడి గాలి పొడిగా ఉంటుంది, మంచినీళ్లు తాగడం మరిచిపోతే మర్నాడు తలనొప్పి ఖాయం. ఊరంతా సైకిళ్లే కదా, అద్దెకు తీసుకుంటామని కొందరు అంటారు. పగలు తొక్కండి. తాగాక వద్దు, కొలరాడోలో సైకిల్ మీద కూడా డీయూఐ పెడతారు.

న్యూ బెల్జియంలో తప్పక చూడవలసినవి నిలువెత్తు ఓక్ పీపాలు. బెల్జియంలోని రోడెన్‌బాక్ బ్రూవరీలో పనిచేసి 1996లో ఇక్కడికి వచ్చిన పీటర్ బౌకార్ట్ ఈ పులుపు బీర్ల సంప్రదాయాన్ని నిలబెట్టాడు. బీరును ఆ చెక్క పీపాల్లో ఏడాది నుంచి మూడేళ్ల దాకా ఉంచి, వాటిని రుచి చూసి కలుపుతారు. 'లా ఫోలీ' అనే ఆ ముదురు గోధుమరంగు బీరు దొరికితే చిన్న గ్లాసు తీసుకోండి. మొదటి గుక్కకు దవడలు లాగుతాయి, రెండో గుక్కకు చెర్రీపండు వాసన తెలుస్తుంది. మధ్యాహ్నం దాకా నిలవుండి పులిసిన తాటికల్లు తాగిన నోటికి ఇది పెద్ద వింతగా అనిపించదు. అమెరికన్ మిత్రులు ముఖం చిట్లించే చోట మన ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు ఇంకో గ్లాసు అడగడం నేను చూశాను. ఇక్కడి పేరుమోసిన బీరు 'ఫ్యాట్ టైర్' సంగతి అడుగుతారేమో. 2023లో దాని తీరు మార్చేశారు, నాకు పాతదే ఇష్టం. ఉద్యోగులే యజమానులుగా ఉండిన ఈ కంపెనీని 2019లో జపాన్‌కు చెందిన కిరిన్ అనుబంధ సంస్థ కొనేసింది. ఆ కారణంగా స్థానికుల్లో కొందరు ఇప్పటికీ మూతి ముడుచుకుంటారు.

అలా ముడుచుకున్నవాళ్లు వెళ్లేది ఓడెల్‌కు. దాని మొదటి చిరునామా 1915 నాటి పాత ధాన్యపు గోదాము. ఇప్పుడున్న చోట '90 షిల్లింగ్' అనే రాగిరంగు బీరు పట్టుకొని బయట కూర్చుంటే పొద్దు తెలియదు. ఐపీఏ చేదు పడనివాళ్లకు నేను ముందుగా దీన్నే సూచిస్తాను. ఏది తీసుకోవాలో తెలియకపోతే చిన్న గ్లాసుల ఫ్లైట్ తీసుకొని, ట్రేలో లేత రంగు వైపు నుంచి నలుపు వైపుకు వెళ్లండి. చేదు బీరును మాత్రం చివరికి ఉంచండి, అది ముందు పడితే మిగతావేవీ నోటికి తెలియవు.

ఇక ఇంటి పెద్దవాళ్లను తీసుకెళ్లవచ్చా అన్న సందేహం. మన దగ్గర బార్ అంటే చీకటి, ఏసీ, మగవాళ్లు. ఇక్కడ బయట బల్లల దగ్గర చంటిపిల్లల బండ్లు, కుక్కలు, బోర్డు మీద చిన్న సంచులు విసిరే ఆట. విజయవాడ నుంచి వచ్చిన ఒక స్నేహితుడి మామగారు కాసేపు చుట్టూ చూసి, "ఇది బారా, పార్కా అల్లుడూ?" అని అడిగారట. తాగనివాళ్లకు రూట్ బీరో (పేరుకే బీరు, మద్యం ఉండదు) సోడాయో దొరుకుతుంది. తిండి మాత్రం చాలా ట్యాప్‌రూముల్లో, అంటే బ్రూవరీలో కూర్చొని తాగే గదుల్లో, వంటగది లేక, ఆ రోజు వచ్చి నిలిచిన ఫుడ్ ట్రక్కు మీదే ఆధారపడి ఉంటుంది. ఆ ట్రక్కులో శాకాహారం ఉంటుందన్న హామీ లేదు. అత్తగారు మాంసం ముట్టని మనిషైతే ముందే ఓల్డ్ టౌన్‌లో భోంచేసి వెళ్లండి.

ఫోర్ట్ కాలిన్స్ లోపం దూరం. డెన్వర్ నుంచి సుమారు 65 మైళ్లు, బౌల్డర్‌కు రెట్టింపు. బస్టాంగ్ అనే ప్రభుత్వ బస్సు యూనియన్ స్టేషన్ నుంచి ఓల్డ్ టౌన్ పక్కనే దింపుతుంది, కానీ రోజుకు కొన్నే సర్వీసులు, చివరి బస్సు తప్పితే అంతే సంగతులు. అందుకే అక్కడికి వెళ్తే రాత్రి ఉండి తీరాలంటాను. నలుగురు పంచుకుంటే హోటలు గది అద్దె ఉబర్ ఖర్చు కన్నా పెద్ద భారమేమీ కాదు. ఊళ్లో తిరగడానికి ట్రాన్స్‌ఫోర్ట్ బస్సులు ఉచితం. మర్నాడు పొద్దున హార్స్‌టూత్ జలాశయం చూసుకొని తిరిగి రావచ్చు. అక్కడి నీళ్లు, పూడర్ నది నీళ్లు కరిగిన మంచు నుంచి వచ్చేవే, వాటిలో లవణాలు తక్కువ. ముందు రోజు మీరు తాగిన బీరుకు మూలం ఆ నీళ్లే.

రాత్రి ఉండే వీలు లేకపోతే మాత్రం మారుమాట లేకుండా బౌల్డర్. బస్సులో వెళ్లి, ఒకే ఒక్క బ్రూవరీ ఎంచుకొని, దాని దగ్గరే కూర్చొని, బస్సులోనే తిరిగి రండి. రెండో చోటికి ఆశపడవద్దు.

ఎక్కడికి వెళ్లినా పాస్‌పోర్టు జేబులో ఉండాలి. 21 ఏళ్లు నిండాయని చూపించాలి కదా, మన డ్రైవింగ్ లైసెన్సును చాలాచోట్ల తీసుకోరు. తీసుకున్నా, రోజు ముందు, నెల తర్వాత ఉండే మన తేదీని అటూఇటూ తిప్పి చూసి తల గోక్కుంటారు. కొలరాడో లైసెన్సు ఉన్నవాళ్లకు ఈ బాధ లేదు. మరో మాట, ఈ మధ్య ఈ రాష్ట్రంలో బ్రూవరీలు చేతులు మారడం, మూతపడటం మామూలైపోయింది. నేను చెప్పిన పేరు ఆ వారం తెరిచి ఉందో లేదో చూసుకొనే బయల్దేరండి.

మిగతా ఊళ్ల గురించి కూడా అడుగుతుంటారు. గోల్డెన్‌లో స్కూల్ ఆఫ్ మైన్స్ ఉంది, 1873 నాటి కూర్స్ కర్మాగారం ఉంది. దగ్గరే కాబట్టి ఒక మధ్యాహ్నానికి సరిపోతుంది, క్రాఫ్ట్ బీరు కోసమే అయితే పనిగట్టుకొని వెళ్లనవసరం లేదు. డురాంగోలో స్కా బ్రూవింగ్ బాగుంటుంది, కానీ డెన్వర్ నుంచి ఆరేడు గంటల కొండదారి. మెసా వెర్డేలోని ప్రాచీన కొండ నివాసాలు చూడటానికి ఎలాగూ అటు వెళ్తున్నవాళ్లకే ఆ మాట. అరిజోనాలో గ్రాండ్ కేన్యన్‌కు వెళ్లేవాళ్లు ఫ్లాగ్‌స్టాఫ్‌లో బస చేస్తే, రూట్ 66 అనే పాత హైవే పక్కన, రైల్వే స్టేషనుకు నడిచేంత దూరంలోనే బ్రూవరీలు ఉన్నాయి. వాటిలో మదర్ రోడ్ వాళ్ల 'టవర్ స్టేషన్' ఐపీఏ అడగండి. అది ఏడు శాతం దాటుతుంది, ఊరేమో దాదాపు 7,000 అడుగుల ఎత్తు. కేన్యన్‌లోకి దిగి ఎక్కివచ్చిన రోజైతే ఒక్కదానితో ఆపండి.