అక్వేరియం చేయించుకునేవాళ్లకు హెచ్చరిక: ‘12 ఎంఎం ట్యాంక్’ అన్న మాట నమ్మి డబ్బు కట్టకండి

పెద్ద సైజు అక్వేరియానికి ఆర్డర్ ఇచ్చే ఆలోచనలో ఉన్నవాళ్లు అడ్వాన్స్ కట్టేముందు దయచేసి ఇది పూర్తిగా చదవండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి షాపు పేరు రాయడం లేదు. పేరు కన్నా వాళ్లు చేసిన పద్ధతి తెలియడమే మీకు ముఖ్యం. తర్వాత వేరే షాపుల్లో ధరలు అడిగినప్పుడు కూడా నాకు ఇదే పద్ధతి కనిపించింది.

మేం అడిగింది 6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు ఉన్న ట్యాంక్, దానికి స్టాండ్. వాట్సాప్‌లో ఒప్పుకున్నది స్పష్టంగా ఉంది: 12 ఎంఎం గ్లాస్, పై అంచుల వెంట అద్దపు పట్టీలు, మధ్యలో ఒక అడ్డపట్టీ. స్టాండ్‌కి రెండంగుళాల చదరపు ఇనుప పైపు, దాని మీద, తలుపులకి 710 మెరైన్ ప్లైవుడ్ (తడికి తట్టుకునే రకం). ఇంటికి వచ్చింది చూడ్డానికి చాలా బాగుంది. ముందు గ్లాస్ అంచు మెరుస్తూ మందంగా కనిపించింది. పై పట్టీలు లేవేమని అడిగితే, ఇప్పుడంతా పట్టీలు లేకుండానే చేయించుకుంటున్నారు సర్, చూపు బాగుంటుంది అన్నాడు ఫిట్టింగ్‌కి వచ్చినతను.

కొన్ని వారాలకే స్టాండ్ తలుపులు మూసుకోవడం మానేశాయి. కింది అంచు తడిసిన అట్టలా ఉబ్బి లామినేట్ లేచిపోయింది. అది ప్లైవుడ్ కాదు, పార్టికల్ బోర్డు. నీళ్లెక్కడివని వెతికితే వెనక గ్లాస్ కింది మూల నుంచి సన్నగా కారుతున్నాయి. పొడవాటి స్కేలు పట్టి చూస్తే వెనక గ్లాస్ మధ్యలో బయటికి వంగి ఉంది. మందం కచ్చితంగా కొలిచే వెర్నియర్ పరికరం తెప్పించి కొలిచాం. ముందు గ్లాస్ ఒక్కటే 12. వెనకది, రెండు పక్కలవి 10. ఆ రాత్రి చేపల్ని నీళ్ల డ్రమ్ముల్లోకి మార్చి, గాలి పంపు పెట్టి, ట్యాంక్ ఖాళీ చేశాం. అప్పటికే కింది ఫ్లాట్ వాళ్ల సీలింగ్ మీద తడి మచ్చ పడింది. వాళ్లు వయసులో పెద్దవాళ్లు. మా వల్ల వాళ్లు ఇబ్బంది పడటం నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది.

షాపులో అడిగితే వచ్చిన జవాబు: “12 ఎంఎం ట్యాంక్ అంటే ముందు గ్లాసే సర్. వెనకది గోడవైపు ఉంటుంది, దానికి అంత ప్రెషర్ రాదు.”

ఈ మాట పూర్తిగా తప్పు. గ్లాస్ మీద నీటి ఒత్తిడి నీటి లోతును బట్టి ఉంటుంది. అది ముందు గ్లాసా, వెనక గ్లాసా అన్నదానితో సంబంధం లేదు. రెండడుగుల లోతులో అడుగున ప్రతి చదరపు సెంటీమీటరు మీద సుమారు 60 గ్రాముల ఒత్తిడి ఉంటుంది. 6 అడుగుల పొడవున లెక్క కడితే ఒక్క గ్లాస్‌ని నీళ్లు 300 కిలోలకు పైగా బలంతో బయటికి నెడుతుంటాయి. ముందు ఎంతో వెనకా అంతే. గోడ దానికి ఆసరా ఇవ్వదు, ఎందుకంటే గ్లాస్ గోడకు ఆనుకుని ఉండదు. పై పట్టీలు పెట్టేది గ్లాస్ పై అంచు వంగకుండా పట్టి ఉంచడానికే. అవి తీసేస్తే గ్లాస్ ఇంకా మందంగా ఉండాలి. వీళ్లు పట్టీలు ఎగ్గొట్టి మందం కూడా తగ్గించారు.

తర్వాత ఇంకో వాదన వచ్చింది: “10 అయినా అది టఫెన్డ్ గ్లాస్ సర్, ఏం కాదు.” టఫెనింగ్ చేస్తే, అంటే వేడి చేసి గట్టిపరిస్తే, గ్లాస్ పగలకుండా తట్టుకునే బలం పెరుగుతుంది కానీ వంగడం తగ్గదు. అదే మందమైతే అంతే వంగుతుంది, అతుకుల్లో సిలికాన్ మీద అంతే లాగుడు పడుతుంది. పైగా టఫెన్డ్ గ్లాస్ పగిలిందంటే చీలికతో ఆగదు, పలక మొత్తం ముక్కలైపోతుంది. టఫెన్ చేశాక దానికి రంధ్రం వేయడం కూడా కుదరదు. కింద ఫిల్టర్ పైపు కోసం రంధ్రం కావాలనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోండి.

బరువు సంగతి కూడా ఏ షాపువాడూ తనంతట తాను చెప్పడు. ఈ సైజు ట్యాంక్‌లో 600 లీటర్లకు పైగా నీళ్లు పడతాయి. 12 ఎంఎం గ్లాస్ బరువే 120 కిలోల దాకా ఉంటుంది. ఇసుక, రాళ్లు, స్టాండ్ కలిపితే మొత్తం 850 కిలోలు దాటుతుంది. ఇళ్ల స్లాబులను సాధారణంగా చదరపు మీటరుకు 200 కిలోల భారానికి లెక్కేసి కడతారు. ఈ ట్యాంక్ బరువంతా పన్నెండు చదరపు అడుగుల మీదే పడుతుంది. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు హాలు మధ్యలో పెట్టకండి. కింద బీమ్ ఉన్నచోట, గోడ వారగా పెట్టాలి. అదీ ఇంజనీర్‌కి చూపించాకే.

ఆర్డర్ ఇచ్చేటప్పుడు కాగితం మీద ‘12 ఎంఎం ట్యాంక్’ అని ఉంటే ఒప్పుకోకండి. ముందు, వెనక, రెండు పక్కలు, అడుగు, పట్టీలు, దేని మందం ఎంతో విడివిడిగా రాయించండి. అతికించకముందే షాపుకెళ్లి పలకల అంచుల్ని వెర్నియర్‌తో కొలవండి. 12 అన్నది 11.7 చూపిస్తే ఫర్వాలేదు, 10 చూపిస్తే అక్కడే ఆపేయండి. అతికించాక అడుగు గ్లాస్ అంచు సరిగా దొరకదు, అందుకే ముందే చూడమంటున్నాను. వాడే సిలికాన్ ట్యూబ్ కూడా చూపించమనండి. బాత్రూమ్‌లకు వాడే సిలికాన్‌లో బూజు పట్టకుండా మందు కలుపుతారు, అది చేపలకు విషం. ప్లైవుడ్ అయితే కోసిన అంచు చూడండి. పొరలు పొరలుగా ఉంటే ప్లై, పొట్టు నొక్కినట్టు ఉంటే పార్టికల్ బోర్డు. లామినేట్ అతికించాక ఈ తేడా కనిపించదు. స్టాండ్‌ని రసమట్టంతో సరిచూసి, ట్యాంక్ కింద థర్మోకోల్ లేదా ఫోమ్ షీట్ వేయించండి. మిగతా డబ్బు నీళ్లు నింపి పరీక్షించాకే ఇవ్వండి. ఆ పరీక్ష కూడా మీ ఇంట్లో కాదు, వాళ్ల షెడ్‌లో జరగాలి.

జీఎస్‌టీ బిల్లు అడగండి. మాకు ఎస్టిమేట్ చీటీ మాత్రమే చేతిలో పెట్టి, ఒరిజినల్ తర్వాత పంపుతామని పంపలేదు. అయినా వాట్సాప్ సంభాషణ, యూపీఐ చెల్లింపు రెండూ ఉండటం వల్ల ఫిర్యాదు నిలబడింది. గ్లాస్ ఐటమ్‌కి గ్యారంటీ ఉండదని వాళ్లు ఎంత గట్టిగా చెప్పినా భయపడకండి. ఒప్పుకున్న ప్రమాణం ప్రకారం వస్తువు లేకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం దాన్ని లోపంగానే చూస్తుంది. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అక్కడ తేలకపోతే ఈ-జాగృతి పోర్టల్‌లో కమిషన్‌కు ఫిర్యాదు పెట్టవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, గడువు రెండేళ్లు.

ఇప్పటికే ఇలాంటి ట్యాంక్ ఇంట్లో ఉన్నవాళ్లు మొదట వెనక గ్లాస్ మందం కొలిచి చూడండి. వంపు గానీ తడి గానీ కనిపిస్తే నీళ్లు సగానికి దించేయండి. రిపేరు చేస్తామని వాళ్లు ట్యాంక్ పట్టుకుపోయే లోపు ప్రతి పలక అంచుకీ వెర్నియర్ పెట్టి, రీడింగ్ కనిపించేలా ఫొటోలు తీసి పెట్టుకోండి.