రాసుకోవడానికి చోటు: అరకు, అనంతగిరి, భీమిలి

రాసుకోవడానికి ఎక్కడికైనా వెళ్తానంటే అందరూ చెప్పే పేరు అరకు. చలి ఉంది, పొగమంచు ఉంది, కాఫీ ఉంది, ఇంకేం కావాలంటారు. మోచేతులు ఆనేంత వెడల్పున్న బల్ల కావాలి. నడుము పట్టేయని కుర్చీ, వేళకు భోజనం కావాలి. ఒంటరిగా వచ్చిన ఆడమనిషిని వింతగా చూడని యజమాని కావాలి. ఇవి ఉంటే కిటికీకి ఎదురుగా గోడ ఉన్నా నాకు అభ్యంతరం లేదు.

నేను రాసేవి వైజ్ఞానిక కల్పనలు, వింతకథలు. ఇప్పుడు చేతిలో ఉన్న నవలలో ఒక నదికి తాను దాటివచ్చిన ప్రతిదీ గుర్తుంటుంది. అందుకే గోస్తని వెంట మజిలీలు పెట్టుకున్నాను. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా వచ్చి, భీమిలి దగ్గర సముద్రంలో కలిసే నది అది.

విశాఖలో పొద్దున్నే బయలుదేరే కిరండూల్ ప్యాసింజర్ ఎక్కాను. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు పంపడానికి 1960లలో వేసిన మార్గం ఇది. మనుషుల ప్రయాణం ఆ తర్వాతి సంగతి. 2017లో ఈ మార్గంలో అద్దాల రైలుపెట్టె వచ్చింది కానీ, దానికి ముందుగా టికెట్టు చేయించుకోవాలి, పైగా అందులో అందరూ ఫోన్లు పైకెత్తి కూర్చుంటారు. నా ఓటు మామూలు పెట్టెకే. సొరంగం రాగానే పిల్లలంతా ఒక్క గొంతుతో కేకలు పెడతారు, వెలుతురు పడగానే ఏమీ ఎరగనట్టు పల్లీలు నములుతారు.

అరకు గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. వలిసె పూలు పూసే చలికాలంలో పొలాల గట్ల మీద పూలకంటే కెమెరాలు ఎక్కువ. నేను దిగిన చోట గదిలో బల్ల లేదు, సాయంత్రమైతే మంట వేసి, లౌడ్‌స్పీకర్లు పెట్టి, ఇక్కడి గిరిజనుల నృత్యం థింసా ఆడించేవారు. థింసా మీద నాకు కోపం లేదు, ఆ లౌడ్‌స్పీకర్ల మీద ఉంది. దిగినప్పుడు కౌంటర్ దగ్గరి కుర్రవాడు నా వెనక్కి తొంగిచూసి, "సార్ కారు పార్క్ చేస్తున్నారా మేడమ్?" అన్నాడు. నేనొక్కదాన్నే అన్నాక గుర్తింపు కార్డు మరోసారి చూశాడు. బొంగు చికెన్ బాగుంది. కుటుంబంతో వచ్చేవాళ్లకు అరకు సరే, నాలాంటివాళ్లకు కాదు.

అనంతగిరి వేరు. సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు పాకి, వాటి నీడలో కాఫీ తోటలు. వారం మధ్యలో వెళితే పక్క గదుల్లో మనుషులే ఉండరు. ఇక్కడా బల్ల పేరుతో ఉన్నది మోకాలెత్తు టీపాయే. అడిగితే వంటవాడు భోజనాల హాలు నుంచి ఒక బల్ల మోయించి వరండాలో వేయించాడు. నా దృష్టిలో అసలైన సేవ అదే. భోజనం పొద్దున్నే చెప్పిపెట్టుకోవాలి, చివరి నిమిషంలో అడిగితే కోడిగుడ్డు అట్టే గతి. వాన పడితే కరెంటు పోతుంది, ఫోను సిగ్నల్ ఎప్పుడొస్తుందో దానికే తెలియదు. రాతకు ఇవి లోపాలు కావని నా అభిప్రాయం, ల్యాప్‌టాప్ మీదే రాసేవాళ్లు మాత్రం ఆలోచించుకోవాలి.

రాత్రి చదువుకు మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథలు’ పట్టుకెళ్లాను. దారి పొడవునా కథలు చెబితేనే కాశీకి వెంట వస్తానన్న పశువుల కాపరి, మణి మహిమతో ప్రతి వింత వెనుక కథనూ చెప్పే మణిసిద్ధుడు. ముందు వింత కళ్లబడుతుంది, దాని కారణం తర్వాత వస్తుంది. నా నవలలో మొదటి రెండు అధ్యాయాలు కారణాలతోనే నిండిపోయాయి. వాటిని అక్కడే కొట్టేశాను.

బొర్రా గుహలు చూడాల్సినవే, కానీ ఆ రంగురంగుల దీపాలు లేకుంటే ఇంకా బాగుండేది. గైడు ప్రతి సున్నపురాయికీ ఒక దేవుడి పేరు పెడతాడు. అవి వింటూనే, పైకప్పు కంత లోంచి పగటి వెలుతురు పడేచోట కాసేపు నిలబడండి. రాతి కొసన నీటిబొట్టు ఊరి, బరువెక్కి, వేలాడి, వేలాడి, ఎప్పటికోగాని రాలదు. రైలు మార్గం ఆ కప్పు మీదుగానే పోతుంది.

అసలు రాత సాగింది భీమిలిలో. విశాఖ నుంచి ఆర్టీసీ సిటీ బస్సులు తిరుగుతూనే ఉంటాయి, కాబట్టి కారు అక్కర్లేదు. హోటల్ కాకుండా ఒక ఇంటి మేడమీద గది తీసుకున్నాను. ఇనుప బల్ల, కాస్త ఊగుతుంది, కాలి కింద అట్టముక్క పెడితే సరిపోయింది. ఇంటావిడ మొదటిరోజు అడగాల్సినవన్నీ అడిగి, "రాసుకో అమ్మా, అన్నానికి పిలుస్తాను" అని కిందికి దిగిపోయారు. మళ్లీ అన్నానికి తప్ప పిలవలేదు. చేపల పులుసు, చారు, పెరుగు. ఉప్పుగాలికి కాగితాలు మెత్తబడతాయి, అదొక్కటే ఇబ్బంది.

సాయంత్రాలు నడవడానికి డచ్చివారి పాత సమాధులున్నాయి, గోస్తని సముద్రంలో కలిసే చోటుంది. కానీ వింతకథలు రాసేవాళ్లు తప్పక వెళ్లాల్సినవి ఎర్రమట్టి దిబ్బలు. గాలి, వాన, సముద్రమట్టాల హెచ్చుతగ్గులు వేల ఏళ్లు పనిచేసి చెక్కిన ఎర్రని లోయలు. లోపలికి దిగి నాలుగు మలుపులు తిరిగితే సముద్రం చప్పుడు కూడా వినిపించదు. అంగారకుడి మీద కథ రాయాలనుకునేవాళ్లు ఆటోలో వెళ్లి రావచ్చు.

శని, ఆదివారాలు ఈ మూడు చోట్లకూ వెళ్లకండి. గది మాట్లాడుకునేటప్పుడు బల్ల ఫొటో పంపమని అడగండి, మంచం ఫొటోలు వాళ్లే పంపుతారు.